అన్న బూత్ పుస్తకంలో పారాలింపిక్స్

2002 డిసెంబర్ 3. హనుమకొండ స్టేడియం. అప్పుడు నేను టెన్త్. ఆరోజు నా పని ఒక్కటే, మా అన్న కూర్చున్న కుర్చీని వెనక నుంచి గట్టిగా పట్టుకోవడం.

అన్నకు రెండేళ్ల వయసులో జ్వరమొచ్చి పోలియో అయింది. ఎడమ కాలు మొత్తం, కుడి కాలు సగం. ఎడమ కాలికి తొడ దాకా క్యాలిపర్ ఉండేది, ఇనుప కడ్డీలు, తోలు బెల్టులు, కూర్చునేటప్పుడు మోకాలి దగ్గర లాక్ తీస్తే టక్కుమని ఒక చప్పుడు, లేచేటప్పుడు ఇంకో చప్పుడు. ఆ చప్పుళ్లను బట్టే అన్న ఎక్కడున్నాడో ఏం చేస్తున్నాడో ఇంట్లో అందరికీ తెలిసిపోయేది. బడిలో ఆటల పీరియడ్ వస్తే అందరి చెప్పులకూ బ్యాగులకూ కాపలా అన్నే. తిట్టి కూర్చోబెట్టింది ఎవరూ లేరు, పడతావు బిడ్డా అని ప్రేమగానే కూర్చోబెట్టారు, కానీ పదేళ్లు అట్లనే కూర్చున్నాడు.

అన్న చేతులు మాత్రం చూడాల్సిందే. ఒంటి బరువంతా కర్ర మీదా గోడల మీదా మోసీ మోసీ భుజాలు రాయిలా అయ్యాయి. మూడు చక్రాల బండి చేత్తో తిప్పుకుంటూ మడికొండ దాకా పోయి వచ్చేవాడు, వచ్చాక చొక్కా పిండితే నీళ్లు కారేవి.

ఆ ఏడు వికలాంగుల దినోత్సవానికి ఆటల పోటీలు పెట్టారు. ట్రైసైకిల్ రేసు, క్యారమ్స్, చెస్, షాట్‌పుట్. అన్న షాట్‌పుట్‌కి పేరిచ్చాడు. నిలబడి విసిరితే పడిపోతాడు కాబట్టి కూర్చుని విసురుతానన్నాడు, సరే అని స్టేజీ మీది నుంచి ఒక చెక్క కుర్చీ తెచ్చి గీత దగ్గర వేశారు. మొదటిసారి విసిరితే కుర్చీ జరిగింది, గుండు ఎటో పోయింది. రెండోసారి ఊపు గట్టిగా తీసుకున్నాడు, కుర్చీ ముందు కాళ్లు లేచిపోయి పక్కకు పడ్డాడు, క్యాలిపర్ బెల్టు బకిల్ ఊడిపోయింది. నలుగురు పరిగెత్తుకొచ్చి లేపారు. ఇక చాలు తమ్ముడూ, ప్రైజు ఎట్లాగూ ఇస్తాం అన్నారు అక్కడి పెద్దమనిషి. అన్న మట్టి దులుపుకుంటూ "ఇంకో చాన్స్ ఉంది కదా సార్" అన్నాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"చెల్లె, ఎనుక కాళ్ల మీద నీ కాళ్లు పెట్టు. నీ బరువంత ఏసి పట్టుకో. నేను ఎటు ఊగినా వదలకు."

పట్టుకున్నా. అన్న వీపు కండ నా చేతి వేళ్లకు తగిలి బిగుసుకోవడం తెలిసింది, తర్వాత ఒక్కసారిగా కుర్చీ మొత్తం ముందుకు లాగింది, నేను వెనక్కి లాగాను, కుర్చీ అంచు అరచేతిలోకి దిగింది. గుండు దూరంగా దబ్బుమని పడింది. 6 మీటర్ల 12 సెంటీమీటర్లు. రెండో ప్రైజు, స్టీలు టిఫిన్ డబ్బా. అరచేతిలో ఆ గీత నాలుగు రోజులు ఉంది, బళ్లో అందరికీ చూపించుకున్నా.

అన్నకు అప్పుడు ఎస్టీడీ బూత్ ఉండేది, ఆ రోజుల్లో వికలాంగులకు ఇచ్చేవాళ్లు కదా, పసుపు రంగు బోర్డు, లోపల అద్దాల గది, ఎర్ర అంకెలు తిరిగే మీటర్. కాల్స్ లెక్క రాసుకోవడానికి పొడుగాటి చిట్టా పుస్తకం ఒకటి ఉండేది. ఆ పుస్తకాన్ని తిరగేసి వెనక వైపు మొదటి పేజీలో ఆ రాత్రి రాశాడు: 3-12-2002, షాట్‌పుట్, 6.12. ఇంకేం రాయలేదు. ఈ పోస్టులో చెప్పేదంతా ఆ వెనక పేజీల గురించే.

2004 ఏథెన్స్ ఒలింపిక్స్. రాథోడ్‌కి షూటింగ్‌లో వెండి పతకం వచ్చినప్పుడు పేపర్లు ఎంత హడావిడి చేశాయో గుర్తుండే ఉంటుంది, అప్పుడు మన దేశానికి వచ్చింది అదొక్కటే. ఆ తర్వాత నెలలో, సెప్టెంబర్‌లో, అదే ఏథెన్స్‌లో పారాలింపిక్స్, అంటే వికలాంగుల ఒలింపిక్స్, జరిగాయి. ఒకరోజు పొద్దున అన్న ఆటల పేజీ మొత్తం చదివి, కింద మూలన రెండు వేళ్ల వెడల్పు వార్త దగ్గర ఆగిపోయాడు. జావెలిన్‌లో దేవేంద్ర ఝఝారియాకు స్వర్ణం, 62.15 మీటర్లు, ప్రపంచ రికార్డు. రాజస్థాన్ చూరు జిల్లా అబ్బాయి, ఎనిమిదేళ్లప్పుడు చెట్టెక్కి కరెంటు తీగ తగిలి ఎడమ చెయ్యి పోయింది. ప్రపంచ రికార్డుతో బంగారు పతకం కొడితే రెండు వేళ్ల వార్త.

అన్న దాన్ని బ్లేడుతో జాగ్రత్తగా కోశాడు. అమ్మ మైదా లై కాచి ఇచ్చింది. 6.12 రాసిన పేజీకి ఎదురు పేజీలో అంటించాడు. అదే పోటీల్లో పవర్‌లిఫ్టింగ్‌లో రాజిందర్ సింగ్ రహేలుకు కాంస్యం వచ్చింది, పంజాబ్ ఆయన, చిన్నప్పుడే పోలియో. ఆ ముక్క అయితే ఇంకా చిన్నది, నాలుగు లైన్లు. దాని చుట్టూ అన్న ఎర్ర పెన్నుతో గీత గీశాడు. పోలియో ఉన్న మనిషి పేరు ఆటల పేజీలో చూడటం అన్నకు అదే మొదలు.

తర్వాత ఎనిమిదేళ్లు పుస్తకం ఖాళీ. 2008 బీజింగ్‌లో మనకు ఒక్కటీ రాలేదు. దేవేంద్ర ఎందుకు లేడని అన్న చాలారోజులు అడిగాడు, ఎవరిని అడిగితే ఏం తెలుస్తుంది. ఎప్పటికో తెలిసింది, ఆయన కేటగిరీ జావెలిన్‌ను 2008లో, 2012లో పోటీల్లోంచే తీసేశారని. ప్రపంచ రికార్డు చేతిలో పెట్టుకుని పన్నెండేళ్లు ఎదురుచూశాడు ఆ మనిషి. ఈ మధ్యలోనే బూత్ మూతబడింది, అందరి చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చేశాయి, అన్న అదే డబ్బాలో జిరాక్స్ మిషన్ పెట్టి రీచార్జ్ కార్డులు అమ్మడం మొదలుపెట్టాడు. చిట్టా పుస్తకంలో ముందువైపు పేజీలు ఆగిపోయాయి, వెనకవైపు పేజీలు ఆగలేదు.

2012 లండన్‌లో గిరీష హై జంప్‌లో వెండి గెలిచాడు, 1.74 మీటర్లు, కర్ణాటక అబ్బాయి. లండన్ మొత్తానికి మనకు అదొక్కటే. ఆ వార్తలో "ఎఫ్42" అని ఉంది. నేనప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా. అన్న ఫోన్ చేసి "ఈ ఎఫ్42 అంటే ఏంది చెల్లె, ఆయన చొక్కా నంబరా?" అని అడిగాడు. నాకూ తెలీదు. ఆఫీసులో నెట్‌లో వెతికి చెప్పాను, అది ఆయన చొక్కా నంబర్ కాదు, ఆయన కాలికి ఇచ్చిన నంబర్ అని.

ఇది చదివేవాళ్లలో చాలామందికి తెలియకపోవచ్చు కాబట్టి చెప్తాను. టీ అంటే ట్రాక్, ఎఫ్ అంటే ఫీల్డ్. తర్వాత వచ్చే అంకె ఏ రకం వైకల్యమో చెప్తుంది. 11 నుంచి 13 చూపు సమస్య ఉన్నవాళ్లు, 20 అంటే మేధోపరమైన వైకల్యం, 30ల్లో సెరిబ్రల్ పాల్సీ (మెదడు సమస్య వల్ల కండరాలు అదుపులో ఉండకపోవడం) లాంటివి, 40, 41 పొట్టిగా ఉండేవాళ్లు, ఆ పైన చేతులు కాళ్ల సమస్యలు, 50ల్లో కూర్చుని ఆడేవాళ్లు. డాక్టర్లూ ఫిజియోలూ ఉన్న ప్యానెల్ పరీక్ష చేసి నంబర్ ఇస్తుంది, ఒకే రకం కష్టం ఉన్నవాళ్లు ఒకరితో ఒకరు పోటీ పడాలి కాబట్టి.

అన్న అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "నా కాలికి కూడ నంబర్ ఉంది చెల్లె, 75."

75 శాతం. అన్న సర్టిఫికెట్ మీద ఉండే అంకె. బస్ పాస్‌కి అదే, పింఛనుకి అదే, బూత్ కోసం దరఖాస్తు పెడితే అదే. ప్రతి క్యూలో ఆ కాగితం చూపించి, ఎంత శాతం అని అడిగితే 75 అని చెప్పడం చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ అంకె అన్న దగ్గర ఎంత లేదో చెప్పేది. ఇంకో రకం నంబర్ కూడా ఉంటుందని, అది నీ దగ్గర ఉన్నదాంతో ఎవరితో పోటీ పడతావు అని అడుగుతుందని మాకు 2012 దాకా తెలీదు. అప్పటికి అన్నకు ముప్పై రెండేళ్లు.

2016కి వద్దాం. ఆ ఆగస్టులో సింధు రియోలో వెండి గెలిచి వస్తే హైదరాబాద్ రోడ్లన్నీ నిండిపోయాయి, నేనూ వెళ్లి గంటన్నర నిలబడి బస్సు మీద ఆమెను చూసి చెయ్యి ఊపి వచ్చాను, ఆ సంతోషం వేరు. సెప్టెంబర్ మొదట్లో జియో సిమ్ వచ్చింది, నెట్ ఫ్రీ. క్యూలో నిలబడి రెండు సిమ్‌లు తీసుకుని ఒకటి అన్నకు ఇచ్చాను. సరిగ్గా అదే వారం రియోలో పారాలింపిక్స్ మొదలయ్యాయి. అన్న జీవితంలో మొదటిసారి పారాలింపిక్స్‌ని కళ్లతో చూసింది ఆ ఫ్రీ నెట్ పుణ్యమే, అప్పటిదాకా అంతా పేపర్ ముక్కలే.

మరియప్పన్ తంగవేలు హై జంప్‌లో 1.89 మీటర్లు దూకి బంగారం గెలిచాడు. సేలం దగ్గర పల్లెటూరు, ఐదేళ్లప్పుడు కాలి మీంచి బస్సు పోయి నలిగిపోయింది, అమ్మ కూరగాయలు అమ్మి పెంచింది. అదే పోటీలో వరుణ్ భాటీకి కాంస్యం, వరుణ్‌ది పోలియోనే. దేవేంద్ర మళ్లీ వచ్చాడు, పన్నెండేళ్ల తర్వాత 63.97 విసిరి తన పాత రికార్డు తనే కొట్టి మళ్లీ బంగారం. అన్న షాపులో జిరాక్స్ కోసం వచ్చినవాళ్లందరికీ ఫోన్ చూపించాడట.

కానీ నేను చెప్పాలనుకున్నది దీపా మలిక్ గురించి. ఛాతీ కింద నుంచి కదలిక లేని మనిషి. షాట్‌పుట్ ఎఫ్53లో 4.61 మీటర్లు విసిరి వెండి గెలిచింది, పారాలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆ వీకెండ్ నేను ఇంటికి వెళ్లినప్పుడు అన్న, నేను కలిసి ఆ క్లిప్ చూశాం. చిన్న స్క్రీన్, మధ్యలో ఆగి ఆగి తిరుగుతోంది. ఆమె ఒక ఎత్తైన ఇనుప ఫ్రేమ్ మీద కూర్చుని ఉంది, కాళ్లకూ నడుముకూ బెల్టులు. అన్న ఉన్నట్టుండి ఫోన్ లాక్కుని వీడియో ఆపాడు. వేళ్లతో పెద్దది చేశాడు. ఆమె మొహం చూడట్లేదు, గుండు చూడట్లేదు. ఫ్రేమ్ కింద చూస్తున్నాడు. నాలుగు మూలల నుంచి బెల్టులు నేలకు బిగించి ఉన్నాయి, లారీ మీద సామాను కట్టినట్టు.

"కుర్చి కట్టేసిండ్రు చెల్లె" అన్నాడు. "చూడు. కుర్చిని నేలకు కట్టేసిండ్రు."

అంతే అన్నాడు. నాకు నా అరచేయి గుర్తొచ్చింది. పద్నాలుగేళ్లు అన్న మనసులో ఏముందంటే, నేనే సరిగ్గా కూర్చోలేకపోయాను, నా వల్లే కుర్చీ పడింది అని. నాకు ఆ రోజు దాకా ఆ సంగతి తెలీదు. కట్టని కుర్చీ మీద కూర్చుని భుజం బలమంతా పెట్టి విసిరితే ఎవరు కూర్చున్నా కుర్చీ పడుతుంది. అది అన్న కాలి తప్పు కాదు, మట్టిలో ఊరికే పెట్టిన కుర్చీ తప్పు. ప్రపంచం అంతా ఈ సంగతి తెలిసి కుర్చీలు కట్టుకుంటోంది, మాకు తెలియడానికి పద్నాలుగేళ్లు పట్టింది.

ఆ రోజు నుంచి అన్న రూల్స్ చదవడం మొదలుపెట్టాడు. గూగుల్‌లో వచ్చింది వచ్చినట్టు, అర్థం కాని ఇంగ్లీష్ ముక్కలు నాకు వాట్సాప్ పెట్టేవాడు. సీటు ఎత్తు దిండుతో కలిపి 75 సెంటీమీటర్లు దాటకూడదు. విసిరేటప్పుడు పిర్రలు సీటు మీంచి లేవకూడదు. పట్టుకోవడానికి నిలువు కడ్డీ పెట్టుకోవచ్చు. కుర్చీ కట్టడానికి టైం పడుతుంది కాబట్టి కూర్చుని విసిరేవాళ్లు తమ వంతు త్రోలన్నీ వరసగా విసిరేస్తారు. మళ్లీ ఆ 75 చూసి అన్న చాలా సంతోషపడ్డాడు, నా నంబరే అని. చిట్టా పుస్తకంలో 6.12 పక్కన పెన్సిల్‌తో "ఎఫ్57?" అని రాసుకున్నాడు. ప్రశ్న గుర్తు ఎందుకన్నా అంటే, ప్యానెల్ చూడకుండ మనం రాసుకుంటే చెల్లదు చెల్లె అన్నాడు.

ఇంకో లెక్క కూడా అప్పుడే వేశాడు. 1972 హైడెల్‌బర్గ్‌లో మురళీకాంత్ పేట్కర్‌ది ఈతలో బంగారం, 1965 యుద్ధంలో తూటాలు తగిలిన సైనికుడాయన, మన దేశానికి పారాలింపిక్స్‌లో మొట్టమొదటి పతకం అదే. 1984లో నాలుగు, అందులో మూడు జోగిందర్ సింగ్ బేడీ ఒక్కడివే. 2004లో రెండు, 2012లో ఒకటి, 2016లో నాలుగు. మొత్తం 12. మొదలుపెట్టిన నాటి నుంచి రియో దాకా కలిపి పన్నెండే. పేజీ చివర గీత గీసి మొత్తం వేశాడు, కిరాణా కొట్టు లెక్కలాగా.

2021 వచ్చేసరికి పరిస్థితి బాగోలేదు. కరోనాలో షాపు నెలల తరబడి మూత. బాపు పోయారు. అన్న భుజం నొప్పి ముదిరి మూడు చక్రాల బండి తిప్పలేకపోయాడు, ఇంట్లోంచి బయటికి రావడమే తగ్గించేశాడు. పుస్తకం సంగతి నేను కూడా ఎత్తలేదు. ఆగస్టు 29 ఆదివారం పొద్దున్నే నేనే టీవీ పెట్టాను, భవీనా పటేల్ టేబుల్ టెన్నిస్ ఫైనల్. గుజరాత్ అమ్మాయి, ఏడాది వయసులో పోలియో, వీల్‌చైర్‌లో ఆడుతుంది. క్వార్టర్స్‌లో రియో చాంపియన్‌ని ఓడించి వచ్చింది. ఫైనల్లో చైనా ఆమె చేతిలో ఓడిపోయింది, వెండి. టోక్యోలో మనకు మొదటి పతకం. అన్న మంచం మీద పడుకునే చూశాడు. అయిపోయాక లేచి కూర్చుని "ఆ పుస్తకం యాడుంది" అన్నాడు.

మర్నాడు కృష్ణాష్టమి. ఆ ఒక్కరోజే ఐదు పతకాలు. అవని లేఖరా రైఫిల్ షూటింగ్‌లో బంగారం, పారాలింపిక్స్ బంగారం గెలిచిన మొదటి భారతీయ అమ్మాయి. సాయంత్రం సుమిత్ అంతిల్ జావెలిన్‌లో ప్రపంచ రికార్డు ఒక్క ఫైనల్లోనే మూడుసార్లు బద్దలు కొట్టాడు, ఆఖరికి 68.55. దేవేంద్రకు వెండి, నలభై ఏళ్ల వయసులో, తన 2004 దూరం కంటే రెండు మీటర్లు ఎక్కువ విసిరి. ఆయన పతకం పట్టుకున్న ఫోటో చూసి అన్న పాత ముక్క తీసి పక్కన పెట్టి చూశాడు. మైదా లై ఎండి ఆ కాగితం పసుపుగా పెళుసుగా అయిపోయింది.

అదే రోజు మనసు కష్టపెట్టినది కూడా ఒకటి జరిగింది. డిస్కస్ ఎఫ్52లో వినోద్ కుమార్ ముందురోజు కాంస్యం గెలిచాడు, కానీ ఆయన ఆ కేటగిరీకి రాడు అని ప్యానెల్ తేల్చి పతకం తీసేశారు. అందరూ టీవీలో ఐదు పతకాలు ఐదు పతకాలు అంటుంటే అన్న మాత్రం వినోద్ గురించే అడుగుతూ ఉన్నాడు. ఒక మనిషికి నీ నంబర్ ఇది కాదు అని చెప్పడం ఎట్లుంటదో అని. సర్టిఫికెట్ రెన్యువల్‌కి వెళ్లిన ప్రతిసారీ శాతం తగ్గిస్తారేమో అని భయపడ్డ మనిషి కదా, ఆ బాధ అన్నకు అర్థమైనట్టు నాకు అర్థం కాదు. టోక్యో మొత్తం 19, ఐదు బంగారం. అప్పటిదాకా చరిత్ర మొత్తంలో వచ్చినవి 12 అయితే ఒక్క పదమూడు రోజుల్లో 19. పేపర్లలో ఈసారి ముక్కలు కాదు, పేజీలు. పుస్తకంలో పట్టక మడిచి పెట్టాల్సి వచ్చింది.

పారిస్ నాటికి అన్న మారిపోయాడు, బ్యాటరీ బండి కొన్నాం, షాపు మళ్లీ నడుస్తోంది. 2024 మేలో జపాన్ కోబేలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ జరిగితే మన దీప్తి జీవన్‌జీ 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డుతో బంగారం కొట్టింది. పర్వతగిరి మండలం కల్లెడ. మా జిల్లా పిల్ల! కూలి పనికి పోయే తల్లిదండ్రులు, ఊళ్లో నానా మాటలు పడ్డ పిల్ల. ఆమెది టీ20 కేటగిరీ. షాపులో ఎవరో టీ20 అంటే క్రికెట్ అనుకుంటే అన్న వాళ్లను కూర్చోబెట్టి పావుగంట క్లాసు చెప్పాడట, 11 నుంచి 57 దాకా.

సెప్టెంబర్ 3 రాత్రి పారిస్‌లో ఆమె ఫైనల్. ఆ వారం వానలు మామూలుగా లేవు, ఖమ్మం, మహబూబాబాద్ వైపు వరదలు, ఇక్కడ కరెంటు పోతూ వస్తూ ఉంది. ఫోన్ చార్జింగ్ 30 శాతం, అమ్మ, అన్న, నేను, నా కొడుకు, నలుగురం ఒకే ఫోన్ ముందు. చివరి వంద మీటర్లలో ముగ్గురూ కలిసిపోయినట్టే ఉన్నారు, ఉక్రెయిన్ అమ్మాయి 55.16, టర్కీ అమ్మాయి 55.23, దీప్తి 55.82. కాంస్యం. ఆమె ట్రాక్ మీద నిలబడి ఊపిరి తీసుకుంటోంది, అమ్మ ఫోన్ స్క్రీన్‌కి చేతులు తిప్పి తన కణతల మీద మెటికలు విరిచి దిష్టి తీసింది. అంతకు ముందురోజే బ్యాడ్మింటన్‌లో నితేశ్ కుమార్ బంగారం గెలిచాడు, 2009లో విశాఖపట్నంలో రైలు ప్రమాదంలో కాలు పోయిన అబ్బాయి, చివరి గేమ్ 23-21, ఆ మ్యాచ్ గురించి రాస్తే ఇంకో పోస్టు అవుతుంది.

అన్న మాత్రం ఇంకో తేదీ కోసం చూస్తున్నాడు. సెప్టెంబర్ 6, పురుషుల షాట్‌పుట్, ఎఫ్57. పెన్సిల్‌తో రాసుకున్న తన నంబర్.

తెల్లారితే వినాయక చవితి. అమ్మ పత్రి వేరుచేసి, ఉండ్రాళ్లకు రవ్వ కొలిచి పెట్టి పడుకుంది. మేమిద్దరమే మేల్కొని ఉన్నాం. మన వాళ్లు ఇద్దరు, సోమన్ రాణా, హొకాటో సెమా. హొకాటో నాగాలాండ్ ఆయన, ఆర్మీలో ఉండగా 2002లో మందుపాతర పేలి ఎడమ కాలు పోయింది. 2002 అనగానే అన్న నా వైపు చూశాడు. మేము స్టేడియంలో కుర్చీతో కుస్తీ పట్టిన ఏడాదే. ఆయనకు అప్పటికి నలభై ఏళ్లు, అన్నకంటే నాలుగేళ్లు చిన్న.

ఆయన ఫ్రేమ్ ఎక్కి కూర్చున్నాడు. బెల్టులు బిగించారు. ఒక చెయ్యి కడ్డీ మీద, గుండు మెడ కింద. అన్న ఊపిరి కూడా ఆయనతో పాటే బిగబట్టాడు, కుడి భుజం దానంతటదే వెనక్కి పోయింది, నేను చూశాను. 14.65. అప్పటిదాకా ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద త్రో, ఆ రాత్రి, అక్కడ. ఇరాన్‌కి బంగారం, బ్రెజిల్‌కి వెండి, హొకాటోకి కాంస్యం, సోమన్ ఐదో స్థానం. అన్న కళ్లద్దాలు తీసి తుడుచుకుని "ఆ గుండు నాలుగు కిలోలు చెల్లె" అన్నాడు. "మనకు ఆనాడు ఎంతదిచ్చిండ్రో కూడ ఎరక లేదు."

పారిస్ మొత్తం 29 పతకాలు. ఏడు బంగారం, తొమ్మిది వెండి, పదమూడు కాంస్యం. పన్నెండు, పంతొమ్మిది, ఇరవై తొమ్మిది, కలిపితే 60 అని అన్న పుస్తకంలో గీత కింద రాశాడు. హొకాటో వార్త ముక్కను మాత్రం వరసలో అంటించలేదు. వెనక్కి తిప్పి, మొదటి పేజీలో, 6.12 కింద ఇన్నేళ్లుగా ఖాళీగా ఉన్న చోట అంటించాడు. ఈసారి మైదా లై కాదు, ఫెవికాల్.

దసరా అయ్యాక అన్న ఒక వెల్డింగ్ షాపు అతన్ని పట్టుకున్నాడు. కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాడు, సీటు ఎత్తు దిండుతో కలిపి 75 సెంటీమీటర్లు, కుడి చేత్తో విసిరేవాళ్లకు ఎడమ వైపు, ఎడమ చేత్తో విసిరేవాళ్లకు కుడి వైపు కడ్డీ మార్చుకునేలా, నాలుగు మూలలా కొక్కేలు. లారీల వాళ్ల దగ్గర దొరికే బెల్టులు తెచ్చాడు, నేలలో దిగేయడానికి మూరెడు పొడుగు ఇనుప మేకులు చేయించాడు. మా గల్లీకి రెండు గల్లీల అవతల వికలాంగుల పిల్లలు కొందరు ఉంటారు, ఆదివారం పొద్దున వాళ్లను పోగు చేసి ఖాళీ ప్లాటులో దాన్ని పాతించాడు. పిల్లలంతా విసిరారు. ఒక పిల్ల విసిరిన గుండు ప్రహరీ దాకా దొర్లింది, ఎంత అరిచిందో.

చివర్లో పిల్లలు మీరూ వేయండి అంకుల్ అని పట్టుబట్టారు. అన్న క్యాలిపర్ లాక్ తీశాడు, టక్కుమంది. ఫ్రేమ్ ఎక్కి కూర్చుని బెల్టు బిగించుకున్నాడు. నేను ఏమీ ఆలోచించకుండా వెనక్కి పోయి, వెనక కాళ్ల మీద నా కాళ్లు పెట్టి, రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను.

"వదిలెయ్ చెల్లె" అన్నాడు, వెనక్కి తిరగకుండానే. "కట్టి ఉంది."

వదిలేసి రెండడుగులు వెనక్కి జరిగాను. అన్న భుజం వెనక్కి వెళ్లింది, బెల్టులు ఒక్కసారి కిర్రుమన్నాయి. కుర్చీ కదల్లేదు.